కుల్ఫీ పుస్తకం మొదటి పేజీ

దస్తగిరి కుల్ఫీ చరిత్ర మీద పుస్తకం రాశాడు. నవ్వకండి, ఆరేళ్ళు తిరిగి రాశాడు. కొండల మీది మంచు ఒంటెలెక్కి పాదుషాల కోటలకు ఎలా వచ్చేదో, ఏ బేగం కుంకుమపువ్వు వేయించుకునేదో, ఏ నవాబు పిస్తా లేందే ముట్టేవాడు కాదో, అన్నీ ఉన్నాయందులో. మొదటి పేజీ ఒక్కటే ఖాళీ. పాలను మొట్టమొదట గడ్డకట్టించినవాడి పేరు అక్కడ రాయాలి. ఆ పేరు ఏ ఊళ్ళోనూ దొరకలేదు.

రేపే దర్గాలో ఉరుసు. పుస్తకం పెద్దల ముందు చదవాలి. ఇక తన గురువు నూరుల్లా సాహెబు దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"ఆ పేరు లేకపోతే నా ఆరేళ్ళూ దండగ, హజ్రత్. మీకు తెలిసే ఉంటుంది."

"తెలుసు. ముందు కుల్ఫీ చెయ్యి, తిందాం. నీకేం, పుస్తకం రాసినవాడివి."

ఆ మాటకు దస్తగిరి పొంగిపోయాడు. పదిహేడు ఊళ్ళలో తిన్నాడే గానీ, పాపం, ఒక్కసారీ చేసినవాడు కాడు. పాలు చిక్కగా కాచాడు. రేకు గొట్టాల్లో పోసి, మూతల చుట్టూ పిండిముద్ద మెత్తాడు. కుండలో ఐసు ముక్కల మధ్య వాటిని గుచ్చి, కుండను తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పీ తిప్పీ చేతులు పడిపోయాయి. మూత తీస్తే ఏముంది, చల్లటి పాలు.

"నీ పుస్తకంలో ఇంతేనా నాయనా?"

"ఇంతే ఉంది హజ్రత్."

సాహెబు లేచి వెళ్ళి కల్లుప్పు తెచ్చాడు. రెండు దోసిళ్ళు ఐసు మీద చల్లాడు.

"తియ్యటి దాని దగ్గర ఉప్పేమిటి హజ్రత్?"

"తిప్పు."

తిప్పాడు. ఈసారి కుండ పట్టుకున్న వేళ్ళు తిమ్మిరెక్కాయి. లోపల ఐసు గలగలమంటోంది. ఆ చప్పుడుకి సాహెబు కళ్ళు మూసుకుని, నిద్రలో ఉన్నట్టు మెల్లగా ఊగుతున్నాడు. ఎండ కూడా ఊగుతున్నట్టే ఉంది.

మూత తీస్తే కుల్ఫీ. నోట్లో పెట్టుకున్నాడో లేదో, తానెన్నడూ చూడని కొండ మీద చప్పుడు లేకుండా మంచు పడుతున్నట్టు అనిపించిందట. చెప్పొద్దూ, కాసేపు వేసవి ఎటు పోయిందో తెలియలేదట.

"ఉప్పు తగిలిందా?"

"లేదు హజ్రత్."

సాహెబు కుండలో మిగిలిన ఉప్పునీళ్ళలో వేలు ముంచి, ఆ ఖాళీ పేజీ మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

"ఇదిగో, పేరు."

వడగాలికి తడి ఆరిపోయింది. కాగితం మళ్ళీ తెల్లబడింది. దస్తగిరి చాలాసేపు చూశాడు. తర్వాత వేలితో తడిమాడు. సన్నగా, గరుగ్గా తగిలింది.

మర్నాడు ఉరుసులో పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ మీది ఉప్పు గీత వెంట వేలు పోనిచ్చాడు. ఆ తర్వాతే రెండో పేజీ చదివాడు.