ఓదక్క వెదురు కర్ర

ఇది ఎవరికీ చెప్పలేదు. బావ దగ్గినప్పుడు రుమాల్లో నెత్తురు చూశాను. అక్కకు చెప్పొద్దన్నాడు. అయినా చెప్పేదాన్నే. కానీ ఆ ముందురోజే అక్క, "పది తప్పినదానివి, నీకేం తెలుసే?" అంది. అడగనిది నేనెందుకు చెప్పాలి అనుకున్నాను. ఇరవై రోజులైంది. అప్పట్నుంచీ మా గనుల వైపు చెప్పుకునే ఈ కథే నన్ను పట్టుకుంది.

అనగా అనగా, బొగ్గు కొత్తగా వెలుగు చూసిన రోజుల్లో, ఒక గని. గనికో బుల్లి ఆవిరి ఇంజను. నీళ్లతొట్టిని గుర్రం మీది జీనులా వీపు మీదే మోసేది. పేరు గున్న. నడిపేవాడు పోశం. నీళ్లు పోసేది ఓదక్క.

తొట్టి చిన్నది. రోజుకు మూడుసార్లు నింపాలి. బిందెలతో పోసి, వెదురు కర్రతో తొట్టిని పైన, నడుమ, కింద కొట్టేది. ఖంగుమంటే ఖాళీ. మొద్దుగా మోగితే నీళ్లు. ఇంజను హోరులో పోశానికి ఆ మోత తెలిసేది కాదు.

"ఎంతుందక్కా?" అనేవాడు పోశం.

"గొంతు దాకా ఉంది. పో తమ్మీ."

నడుము దాకా అంటే దగ్గరికే పోయేవాడు. పాదాల దాకా అంటే కదిలేవాడు కాదు.

ఒకనాడు ఓదక్క, "గున్న ఏదో బుసకొడుతోంది, చూడరాదు తమ్మీ" అంది.

"నీళ్లు పోసేదానివి, ఇంజను సంగతి నీకేం ఎరుకనే?" అన్నాడు పోశం. అందరూ నవ్వారు.

మర్నాడు పోశం అడగలేదు. ఓదక్క చెప్పలేదు. గొంతు దాకా ఉంది. గున్న పోయింది, వచ్చింది.

రెండోనాడు అడగలేదు. చెప్పలేదు. నడుము దాకా ఉంది. పోయింది, వచ్చింది.

మూడోనాడు బావి అడుగంటింది. బిందెలో బురదే వచ్చింది. ఓదక్క కొట్టింది. పైన ఖంగు. నడుమ ఖంగు. కింద మొద్దు. పోశం ఆ కర్ర వంక చూసి మొహం తిప్పుకున్నాడు. ఓదక్క పెదవి కొరుక్కుంది. గున్న పోయింది.

మిట్ట ఎక్కుతుంటే తొట్టి ఎండింది. బాయిలర్‌లో నీళ్లు తగ్గి, ఆవిరి పొయ్యిలోంచి ఎగదన్ని పోశాన్ని కాల్చేసింది. ఓదక్క పరుగెత్తి వాడి తల ఒళ్లో పెట్టుకుంది.

"ఎంతుందక్కా?" అన్నాడు. అంతే.

గున్నను బాగుచేశారు. డ్రైవర్లు మారారు. అడిగినా అడగకున్నా ఓదక్క కొట్టి, అరిచి మరీ చెప్పేది. ముసలిదానికి పిచ్చి అన్నారు. చెప్పేది. జ్వరమొచ్చినా చెప్పేది. మాట పడిపోయాక గొంతో, నడుమో, పాదాలో వేలితో చూపేది. కర్ర చేతిలో ఉండగానే పోయింది.

ఇప్పుడు ఆ పట్టాలు లేవు. కానీ మా వైపు బండి కదిలే ముందు ఎవరో ఒకరు దాన్ని మూడుసార్లు తడతారు. చెప్పాల్సింది ఉంటే అప్పుడే చెప్పెయ్యాలి. లారీవాళ్లు కూడా ఆగి వింటారు.

అక్క నన్ను అడగదు. ఏం అడగాలో దానికి తెలియదు కదా.

తిడితే తిట్టనీ. ఇప్పుడే ఫోన్ చేస్తాను.