వేలు పంతుళ్ళు, రాజుగారి గుర్రం

ఏ రాజ్యమంటే ఏం చెప్పనమ్మా, ఒకానొక రాజ్యం. మీ తాత ఎప్పుడూ దాని పేరు చెప్పలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఎవర్ని అడగను. రాజు పేరు మాత్రం భుజంగ భూపతి. పొద్దున్నే నాలుగు పొగడ్తలు వినందే ఆయనకి ముద్ద దిగేది కాదు.

ఆ కొలువులో గవరయ్యని ఒకడుండేవాడు. రాజుని నవ్వించడం వాడి కొలువు. దాంతోపాటు పొద్దున సభలో తలా ఒక తాటాకు పంచడం కూడా వాడి పనే. ఆ ఆకుల మీద రాజుగారి పొగడ్త రాసి ఉండేది. మంత్రి మొదలు అందరూ ఆకు ముందు పెట్టుకుని ఒక్క గొంతుతో చదవాలి. అదీ అక్కడి ఆనవాయితీ.

రాజు తండ్రి హయాం నించీ చాలా బడుల్లో వేలు పంతుళ్ళని ఉండేవాళ్ళు. అసలు పంతులు అందరికీ కలిపి పాఠం చెబుతాడు కదా. వీళ్ళేమో వెనకబడ్డ చిన్నపిల్లల పక్కన చాప మీద కూర్చుని, వాళ్ళ వేలు పట్టుకుని ఒక్కో అక్షరం కింద పెట్టించి చదివించేవాళ్ళు. వీళ్ళకి రాజుగారి కొట్టు నించి గింజలు కొలిచేవాళ్ళు.

ఒకరోజు రాజు పల్లకీ బడి ముందు ఆగింది. లోపల పిల్లలు పాఠం గడగడా వల్లిస్తున్నారు, చూరు ఎగిరిపోయేలాగ.

"ఏమోయ్ గవరయ్యా, ఇంత బాగా చదువుతుంటే పక్కన మళ్ళీ మనుషులెందుకు? దండగ. ఈ నెలతో ఆ గింజలు ఆపించెయ్. నా ఏనుగుకి జరీ దుప్పటి కుట్టిద్దాం" అన్నాడు రాజు.

గవరయ్య మనవరాలు రత్తాలు ఆ బడిలోనే ఉంది. తల్లీ తండ్రీ లేని పిల్ల. దానికి నాలుగక్షరాలు వస్తే చాలు, తను కన్ను మూసినా ఎలాగో బతుకుతుందని వాడి ఆశ.

ఇంటికెళ్ళి పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బడిలో చెప్పిన నెమలి పాఠం ఆకు చేతికిచ్చాడు. గడగడా అప్పజెప్పేసింది.

"మరి ఇందులో నెమలి ఎక్కడుందే అమ్మా?"

రత్తాలు ఆకంతా వెతికి, తాడు గుచ్చడానికి పెట్టిన చిల్లు మీద వేలు పెట్టింది. "ఇదిగో తాతా, దీని కన్ను."

గవరయ్య నవ్వాడు. నవ్వాడు గానీ ఆ రాత్రి గంటం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాడు సభలో ఎప్పట్లాగే ఆకులు పంచాడు. రాజు చేతిలోనూ ఒకటి పెట్టాడు. అందరూ ఆకులు ముందు పెట్టుకుని, "సూర్యుడంతటి వాడా, సముద్రమంతటి వాడా" అని ఎత్తుకున్నారు. మంత్రి గొంతు అందరికన్నా పైన. రాజు కళ్ళు అరమోడ్చి తలాడిస్తున్నాడు.

అయిపోయాక గవరయ్య లేచాడు. "మహాప్రభో, ఆ ఆకు ఒకసారి తమరే చదివి వినిపించండి."

"ఇప్పుడేగా అంతా చదివారు?"

"తమ నోట వినాలని ఆశ."

రాజు మీసం సవరించుకుని, ఆకు దగ్గరికి తెచ్చుకుని, వేలు కింద పెట్టి మెల్లగా చదివాడు. "ఇది చదివినవాళ్ళు నోరు మూసుకుని లేచి నిలబడండి. రాజుగారు తన పంచకల్యాణి గుర్రాన్ని ఇస్తారు."

మంత్రి తన ఆకు వంక అప్పుడు చూశాడు.

"నా గుర్రాన్ని ఇస్తాననడానికి నువ్వెవడివోయ్?" అన్నాడు రాజు.

"ఎవరూ చదవరని నాకు తెలుసు ప్రభూ. గుర్రం లాయంలో భద్రంగా ఉంది."

"వీళ్ళకి చదవడం వచ్చు. చూడలేదు, అంతే."

"చదువొచ్చిన పెద్దలే గుంపులో పడితే ఆకు వంక చూడటం మానేశారు. ఇంక రాని పసివాళ్ళ సంగతేంటి? నిన్న మీరు విన్నదీ ఇలాంటి చదువే." గవరయ్య రాజు చేతి వంక చూసి, "ఇంకో మాట. చదివేటప్పుడు కింద వేలు పెట్టారు. ఆ అలవాటు ఎవరు చేశారు ప్రభూ?" అన్నాడు.

రాజు తన వేలు చూసుకున్నాడు. "మా దాది. నాకు అక్షరాలు తలకెక్కేవి కావు. పక్కన కూర్చుని వేలు పట్టుకునేది." గొంతు కొంచెం మెత్తబడింది.

"తమ ఒక్కరికే ఒక మనిషి. ఆ పసివాళ్ళకి బడికొక్కరు చాలు."

రాజు మంత్రి మొహం చూశాడు, ఆకు చూశాడు, ఇక ఆపుకోలేకపోయాడు. కిరీటం పక్కకి ఒరిగేదాకా నవ్వాడు. "ఏనుగుకి దుప్పటి లేకపోతే చలెయ్యదులే. గింజలు ఆపొద్దు. వేలు పంతుళ్ళు లేని ఊళ్ళకి కూడా నా కొట్టు నించే కొలవండి. ఆ గుర్రం మాటా అలాగే ఉండనీ. బడిపిల్లల్లో ముందుగా ఆ ఆకు చదివినవాళ్ళు వచ్చి తీసుకోవచ్చు."

మళ్ళీ కోతలు వచ్చేసరికి ఒకరోజు రత్తాలు తాతతో సభకొచ్చింది. కొలువు వాళ్ళంతా గొంతెత్తి పొగుడుతుంటే, అది ఆ పాత ఆకు ఒళ్ళో పెట్టుకుని వేలు జరుపుకుంటూ జరుపుకుంటూ చివరిదాకా వెళ్ళి, రెండు చేతులతో నోరు మూసుకుని లేచి నిలబడింది.

రాజుకి మళ్ళీ నవ్వాగలేదు. గుర్రం ఇచ్చేశాడు. గవరయ్యకి శాలువా కప్పి, "నీకేం కావాలోయ్?" అన్నాడు.

"సెలవు కావాలి ప్రభూ. కొండ దిగువ ఊళ్ళకి వేలు పంతుళ్ళు ఇంకా చాల్లేదట. గుర్రమూ ఉంది, నాకో వేలూ ఉంది."

"మరి నన్నెవరు నవ్విస్తారు?"

"ఆ ఆకు దగ్గరుంచుకోండి."

తెల్లారేసరికి గవరయ్యా లేడు, రత్తాలూ లేదు, లాయంలో గుర్రమూ లేదు.