దోసపాదుకు నక్క కాపలా

వ్యవసాయంలో నా పాండిత్యం దోసకాయ పప్పు దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. అయినా ఈ సంగతి నేనే చెప్పాలి. ఆ పాదుకి చెప్పుకునే ఓపిక కూడా లేదు.

ఎండిన వాగు పక్కన ఇసుక నేలలో ఉండేది ఆ దోసపాదు. మూడు పిందెలు. అవి పండి గింజ గట్టిపడేదాకా బతికి ఉండాలి, అంతే దాని కోరిక. పైన తడి లేదు, వేరు లోతుకి దింపాలి. మట్టిలో వేరుకుళ్లు తెగులు పొంచి ఉంది, ఒళ్లంతా చేదు నింపుకుని కాచుకోవాలి. ఉన్న కాస్త సత్తువ రెండింటికీ చాలక మధ్యాహ్నానికే ఆకులు వేలాడేసేది.

అటుగా వచ్చిన నక్క ఒక పిందె మీద పన్ను ఆనించి మొహం చిట్లించింది.

"ఇంత చేదేమిటే అమ్మాయ్?"

"కాపలా మామా. ఇది లేకపోతే కుళ్లు లోపలికొస్తుంది."

"తవ్వేదీ నువ్వే, కాపలా కాసేదీ నువ్వే. నిన్ను చూస్తుంటే నాకే నిద్రొస్తోంది. చేదు మానెయ్యి, కాపలా నేను కాస్తా. నువ్వు హాయిగా వేరు దింపుకో."

మట్టిలోంచి వానపాము తల పైకెత్తింది. "కుళ్లుకి కాపలా నువ్వా? దాన్ని ఎక్కడ పట్టుకుని కరుస్తావు నాయనా?"

"ముందు నువ్వు కళ్లు తెచ్చుకుని మాట్లాడు," అంది నక్క.

"తాతా, నేను అలసిపోయాను," అంది పాదు వానపాముతో. చేదు మానేసింది.

వేళ్లు లోతుకి దిగాయి, పిందెలు కాయలయ్యాయి. నక్క పాదు మొదట్లోనే పడుకుని కాపలా కాసింది. ఎండకి పొట్ట కాలుతోందని, చల్లటి మట్టి కోసం గోళ్లతో గుంట గీరుకుంది. ఆ గీరుడుకి ఒక వేరు తెగింది.

"అమ్మాయ్, పడమటి వేరు తెగింది. కుళ్లు దూరుతోంది," అంది వానపాము.

"మళ్లీ ఒళ్లంతా చేదు నింపాలా తాతా? నావల్ల కాదు."

"ఒళ్లంతా ఎవరు నింపమన్నారు? తెగిన చోట నింపు. మిగతా వేళ్లని వాటి పని చేసుకోనీ."

పాదు అలాగే చేసింది. కుళ్లు అక్కడే ఆగిపోయింది. ఆ చేదు మాత్రం కొంత ఆ పక్క తీగలోకి, దాని చివరనున్న కాయలోకి ఎక్కింది. అన్నిటికంటే ముందు పండింది ఆ కాయే.

నక్క కసుక్కున కొరికి, అంతే వేగంగా ఉమ్మేసింది.

"చేదు మానేశావుగా?"

"మానేశాను మామా. నువ్వు గీరిన చోట తప్ప."

"మరి మిగతా రెండూ?"

"కొరికి చూడు," అంది పాదు నీరసంగా. "నువ్వేమైనా పరాయివాడివా?"

నక్క ఆ రెండు కాయల వంకా చూసింది. నాలుక ఇసుకకి రాసుకుంటూ వాగు దాటి వెళ్లిపోయింది. ఆ రెండూ కమ్మగా పండి, గింజలు నేల రాలాక పాదు వాలిపోయింది.

మా ఇంట్లో దోసకాయ పప్పులో వేసే ముందు చేదేమోనని ఒక ముక్క నా నోట్లో పెట్టి మొహం చూస్తారు. నక్క వదిలేసిన ఉద్యోగం నాకొచ్చింది.

నీతి: ఒళ్లంతా పహరా పెట్టుకుంటే ఎదగలేం, అసలే లేకపోతే బతకలేం, దెబ్బ తగిలిన చోట పెట్టుకుంటే చాలు.