పాలపొంగు గౌరమ్మ వ్రత కథ

పీటలు దగ్గరకు జరుపుకొని, పొయ్యిమీద పాయసము సంగతి కాసేపు మరచి, అందరును శ్రద్ధగా వినుడు.

గోదావరీ తీరమున తపస్సు చేసికొనుచున్న శాండిల్య మహామునిని మౌద్గల్యుడు దర్శించి, నమస్కరించి ఇట్లడిగెను: "మహాత్మా! కలవారు యౌవనముననే మేడలు కట్టుదురు. స్వల్పమైన రాబడి గలవారు తల నెరిసిన పిదప గాని ఇల్లు కొనలేరు. కొనియు కొందరు ఆ ఇంట చుట్టములవలె ముడుచుకొని తిరుగుచు, ఇది మనదా, పరులదా యని తికమక పడుచుందురు. ఆ తికమక ఏ వ్రతముచే తొలగును?"

శాండిల్యుడు చిరునవ్వు నవ్వి, "నాయనా! ఈ ప్రశ్ననే మున్ను పార్వతీదేవి పరమేశ్వరుని అడిగెను. పెండ్లియాడి కొండమీద కాపురమున్న తల్లి గనుక ఇల్లులేని వారి బాధ ఆమెకు తెలియును. కలియుగమున జరుగబోవు కథను జరిగినట్లే చెప్పెదను, వినుము" అని చెప్పదొడగెను.

కాకినాడ యను పట్టణమునందు సత్తిరాజు, అతని భార్య మంగతాయారు ఉండిరి. సత్తిరాజు బట్టల కొట్టులో చీరలు విప్పి చూపు గుమాస్తా. మంగతాయారు ఇంటివద్ద జాకెట్లు కుట్టుచుండెను. పెండ్లియైన నాటినుండి వారు అద్దె యిండ్లలోనే కాపురముండిరి. ఒక యజమాని చీకటిపడిన తరువాత కుట్టుమిషను తొక్కవద్దనెను. ఒకరు చేపలు వేయించవద్దనిరి. చివరి యజమానురాలు నరసాయమ్మ, పొయ్యిగట్టుమీద పాలు పొంగినచో మేడ దిగివచ్చి మరీ కేకలు వేసెడిది. అందుచేత మంగతాయారు పాలు కాచునపుడు కన్ను తిప్పక నిలిచి, నురుగు గిన్నె అంచు నందుకొనక మునుపే పొయ్యి కట్టివేయుట నేర్చెను. ఏండ్లు గడువగా ఆ విద్య ఆమె చేతికి వచ్చెను గాని, చేయి చేయుచున్న పని మనసునకు తెలియుట మానెను.

సత్తిరాజునకు ఏబది దాటిన పిదప, దంపతులు కూడబెట్టినదానికి బ్యాంకు అప్పు తోడుచేసి ఇల్లు చూడబోయిరి. అప్పుడు వారికి కలిగిన తికమక ఇంతంత గాదు. ఒక బ్రోకరు తూర్పు ముఖమని చూపిన ఇంటికి ఉదయపుటెండ వెనుకనుండి వచ్చెను. మరియొకడు పునాదులు మాత్రము చూపి, ఇది పడకగది, ఇది వంటగది యనగా, సత్తిరాజు పడకగదిలో చెప్పులు విప్పి వంటగదిలో వెదకెను. బ్యాంకువారు చూపిన చోటనెల్ల సంతకములు చేసి, తాము ఇల్లు కొనిరో అమ్మిరో తెలియక, ఇద్దరును బస్టాపులో నిలిచి ఒకరి మొగమొకరు చూచుకొనిరి. తుదకు ఊరి చివర బియ్యపు మిల్లు వెనుక, సన్నజాజి పందిరికి జాగా గల రెండు గదుల ఇల్లు వారిదాయెను.

గృహప్రవేశము నాడు పురోహితుడు పాలు పొంగింపుమని చెప్పి, గుమ్మమునకు గుమ్మడికాయ కట్టించుటకై వెలుపలికి పోయెను. పాలు కాగెను. మీగడ వణికెను. నురుగు తెల్లగా లేచి అంచు నందుకొనునంతలో మంగతాయారు చేయి తనంతట సాగి పొయ్యి కట్టివేసెను. నురుగు దిగిపోయెను. ఆమె అమ్మయ్య యని గట్టు తుడిచెను. చూచినవారెవరును లేరు. పాలపొంగునందు వసించు గౌరమ్మ మాత్రము, గుమ్మములో పెట్టబోయిన పాదమును వెనుకకు తీసికొనెను.

నాటినుండి దంపతుల బుద్ధి చెదరెను. సత్తిరాజు సాయంకాలము కొట్టునుండి బయలుదేరి, సైకిలు తొక్కుచు పాతయింటికే పోయి తలుపు తట్టెను.

"ఏం సత్తిరాజూ, మళ్ళీ వచ్చావ్? ఏమన్నా మర్చిపోయావా?" అని నరసాయమ్మ అడిగెను.

"ఇల్లండి."

"ఏ ఇల్లు?"

"అదే తెలవట్లేదండి," అని అతడు తల గోకికొనెను.

ఇంటివద్ద మంగతాయారు మూటలు విప్పదయ్యెను. ఎవరైన వచ్చి వద్దందురేమో యని మిషను తొక్కదయ్యెను. జాకెట్లు కుట్టించుకొనువారు వేరుచోటికి పోయిరి. సత్తిరాజు పట్టుచీర యడిగినవారికి తువాళ్ళు చూపి యజమానిచే చీవాట్లు తినెను. వాయిదాలు కట్టుట కష్టమాయెను. ఇల్లు తమకు అచ్చిరాలేదని తలచి, దానిని అద్దెకిచ్చి తాము మరల అద్దె యింటికే పోవ నిశ్చయించిరి. ఒక కుటుంబము వారు శుక్రవారము సామానుతో వత్తుమనిరి.

ఆ శుక్రవారము ఉదయమున గౌరమ్మ జాలిపడి, వృద్ధ ముత్తైదువ రూపమున వచ్చి గుమ్మము వెలుపల నిలిచెను.

"ఏమ్మా, ఇల్లుగలావిడ ఉందా?"

"ఓనరుగారు ఊళ్ళో లేరండి," అని మంగతాయారు అలవాటు చొప్పున బదులు చెప్పెను.

"మరి నువ్వెవరివి?"

"మేం ఊరికే ఉంటన్నామండి."

"అద్దెకా?"

"కాదండి. కొనుక్కున్నామండి."

"కొనుక్కుని ఊరికే ఉండటమేంటే, పిచ్చితల్లీ!" అని అవ్వ పకపక నవ్వగా, మంగతాయారు బోరున ఏడ్చెను. పాలు పొంగినవా యని అవ్వ అడిగెను. చుక్కయైన పోనీయక కాచితినని ఈమె కన్నీళ్ళలోనే గొప్పగా చెప్పెను. అంతట అవ్వ, పసుపుముద్దతో గౌరమ్మను చేసి నిలిపి, పాలు మరల కాచి, గిన్నె అంచు దాటి పొర్లువరకు పొయ్యి కట్టరాదనియు, పొర్లినదానిని దీపము పెట్టువరకు తుడవరాదనియు ఉపదేశించి అదృశ్యమాయెను.

మంగతాయారు భక్తితో పసుపు గౌరమ్మను నిలిపి, పాలు పొయ్యిమీద పెట్టి, చేతులు వెనుకకు కట్టుకొని నిలిచెను. నురుగు లేచెను. అంతలో వసారాలోనుండి సత్తిరాజు పరుగున వచ్చి పొయ్యి కట్టివేసెను.

"చూశావా, నేను లేకపోతే ఏమయ్యేదో!"

"ఏవండీ! ఎంత పని చేశారండీ!" అని ఆమె తల పట్టుకొని జరిగినదంతయు చెప్పెను. అదే సమయమున వీథి మొగలో సామాను లారీ హారను వినబడెను. మిగిలిన పాలన్నియు అదే గిన్నెలో పోసి, పొయ్యి వెలిగించి, దంపతులు ఒకరి రెండు చేతులు ఒకరు గట్టిగా పట్టుకొని నిలిచిరి.

పాలు లేచెను. అంచు దాటెను.

"ఏవండీ, పోతన్నాయండీ!"

"పోనీవే!"

"గట్టంతా అయిపోతందండీ!"

"మన గట్టే కదే!"

ఆ మాట నోట వెలువడినంతనే వారి తికమక మంచువలె విడిపోయెను. పాలు గట్టు దిగి నేలను తాకెను. ఆ తెల్లని దారిని గౌరమ్మ లోనికి నడచి వచ్చెను. అద్దెకు దిగవచ్చినవారు గుమ్మములో నిలిచి పిలువగా, మంగతాయారు తడికాళ్ళతో ఎదురేగి, "ఇల్లు మాకే కావాలండి. ఏమనుకోకండి. కాళ్ళు కడుక్కోండి, పాయసం తిందురుగాని," అనెను. వారు మొదట గొణిగిరి. పాయసము తిని శాంతించిరి. ఆ ప్రసాద మహిమచే కొన్నాళ్ళకు వారును సొంత ఇంటివారైరి.

అటుపిమ్మట సత్తిరాజు సైకిలు తిన్నగా ఇల్లు చేరుచుండెను. మంగతాయారు మిషను వీథి చివరకు వినబడునట్లు తొక్కెను. జాకెట్లవారు తిరిగి వచ్చిరి, అప్పు తీరెను, సన్నజాజి పందిరి నిండెను. ఎండకాలపు సాయంకాలములయందు ఆ దంపతులు పనియేమియు లేకయే తమ గుమ్మములో కూర్చుండి, తమ ఇంటిని తాము చూచుకొనుచుండిరి.

కావున మౌద్గల్యా! నెరిసిన తలతో తొలి తాళపుచెవి పట్టినవారు, వాయిదాలు కట్టుచున్నవారు, ఇల్లు చూచి చూచి దిక్కులు మరచినవారు, ఇంకను అద్దెకుండి ఆశపడువారు, పాత యజమాని కేకలు కలలో వినువారు, కొత్తగా కాపురము పెట్టిన ఆలుమగలు ఈ వ్రతము నాచరింపవలెను. ఒంటరివారైనచో పొరుగువారి చేయి పట్టుకొనవచ్చును, దోషము లేదు. ఆచరించినవారికి గోడలు చల్లగా, నీళ్ళు తీయగా, మనసు నిలకడగా ఉండును. కథ విన్నవారికి స్వగృహయోగము, చదివినవారికి దానిలో సుఖనిద్ర కలుగునని శాండిల్యుడు పలికెను.

అక్షతలు తలలపై వేసికొనుడు. పాలు పొర్లినచోట జాగ్రత్తగా అడుగు వేయుడు. ఎవరును తుడవకుడు.