గొంగడి కప్పుకున్న వాది

ఒకానొక రాజ్యాన్ని పూర్వం రణభూషణుడనే రాజు ఏలుతుండేవాడు. మంచివాడే కాని, తన ఎంపికకు తిరుగులేదని ఆయనకు గట్టి నమ్మకం.

ఆ రాజ్యంలో తుమ్మలసీమ ధర్మాధికారి జుట్టు నెరిసేదాకా తీర్పులు చెప్పి, చూపు మందగించి పదవి వదులుకున్నాడు. ఏళ్ళ తరబడి ఆయన పక్కన కూర్చుని తగవులు విన్న ఎర్రమశాస్త్రికే ఆ పదవి దక్కాలని సీమ ప్రజల కోరిక.

రాజు ఒప్పుకోలేదు. "శాస్త్రి మనిషి బక్కపలచన, మాట నెమ్మది. మా బావమరిది వీరభోగుణ్ణి నియమిస్తాను. ఆ మీసం చూస్తేనే దొంగలు నిజం కక్కుతారు" అన్నాడు.

కొలువులో చమత్కారిగా పేరుపడ్డ వల్లభయ్య మనసు కలుక్కుమంది. అతని అన్నదమ్ములు సేద్యం చేసుకునేది తుమ్మలసీమలోనే. ఆ మీసం కింద వాళ్ళ గతేమిటని దిగులుపడి, మెల్లగా లేచాడు.

"ప్రభువుల ఎంపిక సరైనదే. అది లోకానికీ తెలియాలి కదా. రేపు ఒకే తగవును ఇద్దరిచేతా వినిపిద్దాం. నేను ప్రతివాదిని, గొంగడి కప్పుకుని తమరు వాది. రెండు తీర్పులూ అయ్యేదాకా గొంగడి తీయకూడదు."

మారువేషమంటే రాజుకు మహా సరదా. సరేనన్నాడు.

మర్నాడు వల్లభయ్య తన ఇంటి పొట్టేలును తోలుకొచ్చాడు. వీరభోగుడు ఆసనంమీద కూర్చుని తమలపాకు ఈనెలు తీసుకుంటున్నాడు.

"అయ్యా, ఈ పొట్టేలు నాది" అని మొదలుపెట్టాడు గొంగడిలోని రాజు.

"నాది. నేను ఆస్థానంలో ఉంటాను" అన్నాడు వల్లభయ్య.

వీరభోగుడు తల ఎత్తలేదు, గొంగడి అంచును మాత్రం ఓరగా చూశాడు. "గొంగడివాడికి ఇంత మంచి పొట్టేలెక్కడిది? ఆస్థానంవారిదే. అబద్ధమాడినందుకు వీడిచేత గుంజీలు తీయించండి" అన్నాడు.

మాట ఇచ్చాడు కనుక రాజు పళ్ళు బిగబట్టి గుంజీలు తీశాడు. వల్లభయ్య నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు.

తరవాత పక్క మండపంలో ఎర్రమశాస్త్రి ముందుకు వెళ్ళారు. ఆయన వాదిని తేరిపార చూసి, కూర్చోమని, చెప్పేదంతా విన్నాడు. వల్లభయ్య మాటా విన్నాడు. ఇద్దరినీ చెరో మూలా నిలబెట్టి పొట్టేలును విప్పించాడు. అది తిన్నగా వల్లభయ్య దగ్గరికెళ్ళి అతని చెయ్యి నాకింది.

"పొట్టేలు వల్లభయ్యగారిదే" అన్నాడు శాస్త్రి.

రాజు గొంగడి విసిరికొట్టాడు. "నేనెవరో తెలుసా?"

"తెలుసు మహాప్రభూ. గొంగడి కప్పుకున్నా గొంతు మారదు."

"తెలిసి కూడా ఓడించావా?"

"తమరెవరో పొట్టేలుకు తెలియదు కదా ప్రభూ. ఈ తగవులో సాక్షి అదొక్కటే."

రాజు మోకాళ్ళు రుద్దుకుంటూ కాసేపు ఆలోచించాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వేశాడు.

"తుమ్మలసీమ నీదే శాస్త్రీ. నన్ను ఓడించినవాడు ఇంకెవరికీ జంకడు" అన్నాడు. తన మెడలోని ముత్యాలహారం తీసి వల్లభయ్య మెడలో వేశాడు.

"మరి మా బావమరిదిని ఏం చెయ్యమంటావయ్యా? రాణి ఊరుకోదు."

వల్లభయ్య వినయంగా వంగాడు. "విందుల అధికారిని చెయ్యండి ప్రభూ. విస్తరి ముందు తల ఎత్తకపోయినా పని సాగిపోతుంది."