మెడ తిప్పిన చిలక

అనగనగా ఒక ఊరు ఉండేదర్రా. ఆ ఊరికో రాజు. పెద్దగా పనుండేది కాదు పాపం. అదే ఊళ్ళో మార్కండయ్యని ఓ నేతగాడు. ఆయన చీర అంచులో చిలకని నేస్తే రాణిగారు దానికి జామపండు చూపించేదిట. మా అమ్మమ్మ చెప్పింది. ఆవిడ కోతల సంగతి వేరే ఉంది.

గుంటమగ్గం అంటే నేలలో గొయ్యి, గోతిలో పలకలు తొక్కే కాళ్ళు, గట్టు మీద మనిషి. జన్మంతా అలా కూర్చుని ఆయన మోకాళ్ళు పట్టేశాయి. గోతిలోకి దింపడానికి ఇద్దరు, పైకి లాగడానికి ముగ్గురు. ఇక నేసింది చాలు, పదిమందికి నేర్పమన్నాడు రాజు. శ్రావణానికల్లా శిష్యులు నేసిన చీర చూపించు, లేదంటే గొయ్యి పూడ్పించి మంచం వేయిస్తా, హాయిగా పడుకో అన్నాడు. ముసలాయన చేసేది లేక ఒప్పుకున్నాడు. మగ్గం పోతే చిలకా పోతుంది కదా!

శిష్యులొచ్చారు. పోగు కాస్త వదులైతే చాలు, "లే, లే, ఇటివ్వు" అని తనే గోతిలోకి జారేవాడు. సాయంత్రానికి ఆయన మూరెడు నేసేవాడు, వాళ్ళు ఆయనకి మజ్జిగ కలపడం నేర్చుకునేవాళ్ళు.

ఊ కొడుతున్నారా? మీ తాతది గురకర్రా, అది లెక్కలోకి రాదు.

కోడలు ఆండాళు గడుసుది. ఓ పొద్దున రాట్నం తెచ్చి, మామగారిని మగ్గానికి వీపు పెట్టి కూర్చోబెట్టింది. నూలు కండెలు చుట్టేవాళ్ళు లేరు మామయ్యా, మీరే దిక్కు అంది. కండె నిండితే నూలు మోసే నాడె ఆడుతుంది, నాడె ఆడితే మగ్గం పాడుతుంది, మగ్గం పాడితే చీర పెరుగుతుంది. చేతిలో పోగు వదిలితే తెగుతుంది, అంచేత లేవడానికి లేదు. ఇక చెవులతో చూడ్డం మొదలెట్టాడు. ఆ పూట మగ్గం మీద వరదమ్మని ఓ శిష్యురాలు.

"వరదమ్మా! నీ ఎడం కాలు నిద్దరోతోందే!"

"వీపుకి కళ్ళున్నాయా తాతా?"

"నీకు ముఖానికున్నవి చాలట్లేదుగా!"

కండె నిండింది, నాడె ఆడింది, మగ్గం పాడింది, చీర పెరిగింది. శ్రావణం వచ్చింది. ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. చిలకలన్నీ బుద్ధిగా ముందుకి చూస్తున్నాయి. చివర్న వరదమ్మ చిలక ఒక్కటీ మెడ తిప్పి, పక్కింట్లో గొడవ వింటున్నట్టు నిలబడింది. అచ్చం మన సూరమ్మత్తలా.

"విప్పి సరిచేసేస్తానమ్మా, చిటికెలో పని," అన్నాడు.

"చేస్తే అది మీ చీరవుతుంది మామయ్యా."

వరదమ్మ కళ్ళనిండా నీళ్ళు. ముసలాయన ఆ పిల్లని చూశాడు, చిలకని చూశాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చున్నాడు. రాజు వచ్చేదాకా కదల్లేదు.

రాజు రాణితో, పారలవాళ్ళతో సహా దిగాడు. చీర చూసి, ఇంత చక్కటి నేత శిష్యులదా, ముసలాయన నన్ను మోసం చేశాడు, గొయ్యి పూడ్చండి అన్నాడు. రాణి మాత్రం అంచు చివరిదాకా చూసి ఆగింది.

"ఈ చిలక ఆయనది కాదండీ. ప్రాణం పోయినా ఆయన దీన్నిలా వదలడు. పిల్లలే నేశారు."

రాజుకి నవ్వాగలేదు. పారలెలాగూ తెచ్చాం, పిల్లల మగ్గానికి పక్కన ఇంకో గొయ్యి తవ్వండి అన్నాడు.

ఆ తర్వాత ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరికీ మెడ తిప్పిన చిలకే కావాలిట. నేర్పేవాళ్ళు చేతుల మీద కూర్చోవడం నేర్చుకోవాలర్రా. మీ జడ మీరు వేసుకుంటుంటే లాక్కునే మీ అమ్మకి చెప్పండి, నేను చెప్పానని మాత్రం చెప్పకండి.

కథ చిలకల చీర కట్టుకుని కంచికి బయల్దేరింది. మనకి దుప్పటుంది, కప్పుకోండి.