తుమ్మలకనుమ ఆరెల గుడి

మెట్టసీమ నుంచి కోస్తాకు దిగే పాత బాట మీద, వెలికొండల నడుమ తుమ్మలకనుమ ఉంది. కనుమ తల మీద బస్సు ఆగే చోటికి ఎదురుగా, నాపరాళ్ల కప్పుతో పొట్టిగా కనిపించేదే ఆరెల గుడి. దీనికి గోపురం లేదు. గంట ఉంది గానీ చాలా చిన్నది. మొదటిసారి వచ్చిన యాత్రికులు "ఇదేనా?" అని ఒకరినొకరు అడుగుతారు. ఇదే.

ఏ గుడిలోనైనా చెప్పులు విడిచి లోపలికి వెళ్తాం. ఇక్కడా విడవాలి. అయితే విడిచిన చెప్పులు ఇక్కడ విడిచిన చోట ఉండవు. వాకిట్లో పందిరి కింద కూర్చున్నవారు వాటిని తీసుకుని, తెగినచోట కుట్టి, మట్టి తుడిచి, మీరు తిరిగి వెళ్లే దిక్కుకు మళ్లించి పెడతారు. ఆ కుట్టేవారు కూలికి వచ్చినవారు కారు. మీకంటే ముందు వచ్చిన యాత్రికులు.

లోపల రొట్టె విరిచే ప్రభువు బల్ల రెండు ముక్కలుగా ఉంటుంది. ముక్కల మధ్య మోకాలి లోతు గుంట తెరిచే ఉంటుంది. గోడ మీది సిలువ రెండు ఆరెలను అడ్డంగా, నిలువుగా కట్టి చేసినది. తోలుకు బెజ్జం వేసే ఇనుప మొనను ఆరె అంటారు. సిలువ పక్కనే ఒక చెప్పుల జత వేలాడుతుంది. అందులో ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. చూసి నవ్వుకునేవారు ఉన్నారు. ఈ గుడికి అంతకంటే విలువైన ఆస్తి లేదు.

పూర్వం ఈ కనుమ మీద గుడి లేదు, బస్సూ లేదు. కొద్ది కొట్టాల మాదిగపల్లె ఒకటి ఉండేది. లంద తొట్టిలో తోలు నానబెట్టడం, తంగేడు చెక్కతో పదును చేయడం, చెప్పులు కుట్టడం వారి పని. కుట్టిన చెప్పులన్నీ దిగువ ఊరి ఆసామి ఇంటికే పోయేవి. బదులుగా చాటెడు నూకలు, పండక్కి పాత గుడ్డ వచ్చేవి. అడిగితే అవీ రావు. దీనికి వెట్టి అని పేరు. మెత్తని పేర్లు కూడా ఉన్నాయి: ఆచారం, కట్టుబాటు, ఊరి మర్యాద. దున్నేవాడిదే భూమి అని గోడల మీద రాస్తాం. కుట్టేవాడి కాలికి చెప్పు ఉందా అని ఏ గోడ మీదా రాయలేదు. ఆ పల్లెలో ఎవరి కాలికీ చెప్పు ఉండేది కాదు.

ఏలియా అనే ఆయన కుట్టిన చెప్పు, ఆసామి ఇంటి పెళ్లి ఊరేగింపులో తెగింది. తెగిన చెప్పును నెత్తిన పెట్టుకుని ఎండలో నిలబడమన్నారు. ఊరేగింపు తిరిగి వచ్చేదాకా ఏలియా నిలబడ్డాడు. ఇంటికి వచ్చి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు.

ఆ ఏడే పల్లెవారు గుడి కట్టుకోవడం మొదలుపెట్టారు. పునాది తవ్విననాడు ఏలియా భార్య రాహేలమ్మ భర్త ఆరెను తెచ్చి గుంటలో పడేసింది. "ఇంక ఇది ఎవురి కాళ్లకాడా వంగదు" అంది. ఇంటింటి నుంచీ ఆరెలు, తోలు కోసే రంపెలు వచ్చి పడ్డాయి. వాటి మీద మట్టి కప్పి, రాళ్లు పేర్చి, సరిగ్గా అక్కడే ప్రభువు బల్ల కట్టారు. రాహేలమ్మ సరేనని చెప్పేదాకా పల్లెలో ఎవరూ చెప్పు కుట్టరాదని ప్రమాణం చేశారు. ఆసామి నూకలు ఆపేశాడు. వారు కట్టెలు కొట్టారు, కుంకుడుకాయలు ఏరారు, పస్తులున్నారు. కుట్టలేదు.

తర్వాత కరువు వచ్చింది. మెట్టసీమ ఊళ్లన్నీ కాలవ పనులు వెతుక్కుంటూ కోస్తాకు కదిలాయి. అందరికీ ఈ కనుమే దారి. ఎండాకాలం రాయి పెనంలా కాలుతుంది. జనం కాళ్లకు మోదుగాకులు కట్టుకుని, గుడ్డపేలికలు చుట్టుకుని ఎక్కి వచ్చేవారు. దారి పొడుగునా పశువులు చచ్చి పడి ఉండేవి.

సంఘం తనకున్న గంజి పోసింది. ఏలియా తమ్ముడి కొడుకు యోవేలు అప్పుడు ఇక్కడ ఉపదేశి. అతను వాకిట్లో నిలబడి నిరీక్షణ గురించి చక్కగా బోధించాడు. మర్యాద గల మనుషులు కాబట్టి వారు చివరిదాకా విన్నారు. విని, లేవబోయి కూలబడ్డారు.

వారిలో సుంకులమ్మ అనే నేతగత్తె ఉంది. రాహేలమ్మ ఆమె కాళ్లకు చుట్టిన పేలికలు విప్పి కడగబోయింది. పేలికతో పాటు చర్మం ఊడి వచ్చింది.

"ఎంతదూరం పోవల్లమ్మా?"

"కాలవ తవ్వేకాడికి."

"ఈ కాళ్లతోనా?"

"ఇంకో జత ఇంటికాడ మర్చిపోయొచ్చినా అక్కా" అంది సుంకులమ్మ.

ఇద్దరూ నవ్వారు. రాహేలమ్మకు ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చింది. కళ్లు తుడుచుకుని నేరుగా గుడిలోకి నడిచి, బల్ల ముందు నిలబడి గడ్డపార తెమ్మంది.

సంఘమంతా పరుగెత్తుకుని వచ్చింది. యోవేలు బల్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఆ ఆరె బయటికొస్తే రేపే ఆసామి మనిషి మెట్లెక్కుతాడు. మళ్లా వెట్టి మన నెత్తినెక్కుతాది. పెదనాయన చచ్చింది దేనికి?"

"మీ పెదనాయన ఆరెతో చావలేదు నాయనా, ఆసామితో చచ్చినాడు. ఆసామి కోసమని పాతిపెడితిమి. ఆ యమ్మ కోసం తియ్యల్ల."

"బల్ల పగలగొట్టల్ల గదా! ప్రభువు బల్ల!"

"శిష్యుల కాళ్లు కడగనీకి ఆయనే బల్లకాడ నుంచి లేచె గదరా. ఆదివారం ఆదివారం నువ్వే చదువుతివి. నువ్వు చదివింది నువ్వే వినకుంటే ఎట్ల?"

యోవేలు బల్ల ముందు నుంచి పక్కకు జరిగాడు. గడ్డపార తనే అందుకుని మొదటి దెబ్బ తనే వేశాడు.

రాహేలమ్మకు కలలో దేవదూత కనిపించి ఆజ్ఞ ఇచ్చాడని కొందరు చెబుతారు. ఆమె బతికుండగా ఈ మాట ఎవరైనా అడిగితే, "ఆ కరువులో నేను నిద్రపోయిందెప్పుడు, కల వచ్చిందెప్పుడు?" అనేది.

దారిలో చచ్చిన పశువులు ఉండగా తోలుకు కొదవ లేదు. చేతులే చాలలేదు. కుట్టేవారు కొందరు, కాళ్లు వందలు. అందుకని రాహేలమ్మ ఒక కట్టడి పెట్టింది: చెప్పులు తొడిగించుకున్నవారు, తమ వెనక వచ్చినవారికి ఒక జత కుట్టాకే కదలాలి. తోలు ముట్టుకోబోమని కొందరు పెద్దకులాలవారు మొండికేశారు. "ముట్టుకోవద్దులే, అట్లే నడువు" అందామె. వారు దిగువకు చూశారు. ఎండలో రాళ్లు మెరుస్తున్నాయి. వచ్చి కూర్చుని తోలు ఒళ్లో పెట్టుకున్నారు.

యోవేలు భయపడినట్టే ఆసామి మనిషి వచ్చాడు. అతని పేరు పుల్లన్న.

"మళ్లా కుడతాండారంట గదా! ఆసామికి కిర్రుచెప్పులు కావల్లంట, ఆదివారానికి. ఊరంతా ఇనపడేటట్టు కిర్రుమనల్లంట."

పందిరి కింద ఆరెలు ఆగిపోయాయి. పల్లెవారు తలలు దించుకున్నారు. రాహేలమ్మ మాత్రం పుల్లన్న కాళ్ల వైపు చూసింది.

"ఆసామిని నడిచి రమ్మను. బొబ్బలుంటే వరసలో కూచోబెట్టి కుడతాం. అది సరేగానీ పుల్లన్నా, నీ చెప్పులేవి?"

పుల్లన్న కాళ్లకు ఏమీ లేవు. కిర్రుచెప్పులు అడగడానికి అతను ఆ కొండంతా ఉత్త కాళ్లతో ఎక్కి వచ్చాడు. అంతవరకూ అతనికది తట్టలేదు, అతన్ని ఎవరూ అడగలేదు. ముఖం ఎర్రబడి, పల్లెను తగలబెట్టిస్తానని తిట్టి గిర్రున తిరిగాడు.

"కాలుతాది, నిదానం" అంది పందిరి కింద కూర్చున్న సుంకులమ్మ వెనక నుంచి.

మలుపు దాకా వెళ్లినవాడు అక్కడ ఆగిపోయాడు. నీడలో ఒంటికాలి మీద నిలబడి అరికాలు చూసుకున్నాడు. పొద్దు వాలుతుండగా తిరిగి వచ్చి వరస చివర కూర్చున్నాడు. రాహేలమ్మ తన భర్త ఆరెతో అతనికి కుట్టింది. ఆ తర్వాత ఆ ఆరెనే అతని చేతిలో పెట్టింది. వెనక వచ్చినవారికి పుల్లన్న కుట్టిన జతే నేడు గోడ మీద ఉన్నది. ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. వాటిని తొడుక్కుని కోస్తాకు దిగిన మనిషి, వానలు పడ్డాక ఇంటికి పోతూ పోతూ వాటిని తెచ్చి ఇక్కడ వదిలిపోయాడు.

ఆసామి ఆ తర్వాతా కబుర్లు పంపాడు. నూకలు ఇస్తానన్నాడు, ఊళ్లో అడుగు పెట్టనివ్వనన్నాడు. ప్రతిసారీ ఒకటే జవాబు: వచ్చి వరసలో కూర్చోమను. ఆయన రాలేదు. ఈ పల్లెలో మళ్లీ ఎవరూ వెట్టి చెప్పు కుట్టలేదు. వెట్టి వేరు, సేవ వేరు. చేతులు అవే, ఆరె అదే. ఎవరి కోసం వంగాలో నిర్ణయించేది ఎవరన్నదే తేడా. క్రీస్తు దాసుడి పని చేశాడు, ఎవరికీ దాసుడు కాలేదు. ఈ తేడా తెలియకుండా ప్రేమ గురించి బోధించేవారు ఒకసారి ఇక్కడికి వచ్చి పందిరి కింద కూర్చోవాలని సంఘం మనవి.

గుంట పూడ్చి పాలరాతి బల్ల కట్టిస్తామని దాతలు వచ్చారు. సంఘం వద్దంది. పగిలిన బల్ల మీదే నేటికీ రొట్టె విరుస్తారు.

ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన రోజున, అంటే శుభశుక్రవారానికి ముందురోజు, ఇక్కడ తిరునాళ్ల జరుగుతుంది. ఆనాడు గుంటలో దాచిన ఆనాటి పాత ఆరెలన్నీ ప్రార్థనతో బయటికి తీస్తారు. పందిరి కింద కూర్చునేవారిని పేరు, కులం, మతం అడగరు. దూరప్రయాణం పెట్టుకున్నవారు, పని వెతుక్కుంటూ ఊరు విడిచేవారు, ఇంట్లో రోగిని వదిలి వచ్చినవారు ఇక్కడ ఒక జత కుట్టి వెళ్తే దారిలో ఒంటరివారు కారని నమ్మకం. కుట్టడం రాదని వెనకాడకండి. పుల్లన్నకూ రాలేదు.

ప్రార్థన ముగించుకుని బయటికి వచ్చేసరికి మీ చెప్పులు దారి వైపు తిరిగి ఉంటాయి. ఎవరు కుట్టారో వెతకకండి, వారు ఈపాటికి కనుమ దిగిపోయి ఉంటారు. పందిరి కింద చోటు ఖాళీగా ఉంది. ఆరె ఇంకా వెచ్చగానే ఉంటుంది. మీ వెనక ఎవరో మెట్లెక్కి వస్తున్నారు.